స్నూకర్, పూల్: ఆడడానికి ఏది, చూడడానికి ఏది?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన హాలులో కేరమ్ బోర్డు ఉంది, చదరంగం ఉంది. వాటికి తోడు కర్రతో బంతులు కొట్టే బల్ల ఒకటి పెడితే బాగుంటుందన్న ప్రతిపాదన కార్యవర్గం ముందుకు వచ్చింది. కొందరు స్నూకర్ అన్నారు. కొందరు పూల్ అన్నారు. చాలామంది "రెండూ ఒకటే కదండీ" అన్నారు. మరికొందరు "ఈ వయసులో మనకెందుకు, అవి కుర్రాళ్ళు చెడిపోయే ఆటలు" అన్నారు. ఈ విషయమై నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆదేశించారు. తెలిసినంతవరకు మనవి చేస్తాను. నిర్ణయం మీది.

ముందుగా ఒక సంగతి. స్నూకర్ ఇంగ్లండు నుండి వచ్చిన ఆట అని అందరూ అనుకుంటారు. అది పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్పూరులో ఉన్న బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో నెవిల్ ఛాంబర్లిన్ అనే యువ అధికారి దీన్ని మొదలుపెట్టాడు. తరువాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన ఛాంబర్లిన్ వేరు, ఈయన వేరు. అక్కడి అధికారులు అప్పటికే బ్లాక్ పూల్ అనే ఆట ఆడేవారు. దానికి మరికొన్ని రంగు బంతులు చేర్చి ఆడడమే ఈయన చేసిన మార్పు. సైనిక శిక్షణ కళాశాలలో కొత్తగా చేరిన కుర్రవాడిని ఆ రోజుల్లో హేళనగా 'స్నూకర్' అనేవారట. సులువైన బంతి తప్పిన తోటి ఆటగాడిని ఛాంబర్లిన్ ఆ మాటతో వెక్కిరించాడు. మాట ఆటకే పేరై నిలిచింది. ఆ తరువాత ఊటీ క్లబ్బులో నియమాలు ఒక కొలిక్కి వచ్చాయి. ఊటీ అప్పుడు మద్రాసు రాజధానిలోది. మన చికాకోలూ అప్పట్లో ఆ రాజధానిలోదే. అయితే ఆ క్లబ్బుల గడప తెల్లదొరలకే గాని మన తాతలకు తెరుచుకోలేదు.

ఇక పూల్ అన్న మాటకు అర్థం ఆటగాళ్ళందరూ కలిపి వేసిన పందెం సొమ్ము. అమెరికాలో గుర్రప్పందేల సొమ్ము వసూలు చేసే గదుల్లో కాలక్షేపానికి ఈ బల్లలు వేసేవారు. అలా ఆటకు ఆ పేరూ, ఆ పేరుతోపాటు చెడ్డపేరూ వచ్చాయి. అంటే పాపం పందేనిది, నింద బల్లది. పేకాటకూ మన ఊళ్ళల్లో ఇదే కదా జరిగింది.

ఇప్పుడు ఆటల సంగతి. కేరమ్ తెలిసినవారికి ఇవి అర్థం కావడం కష్టం కాదు. పూల్‌లో రకాలు చాలా ఉన్నాయి. ఎక్కువమంది ఆడేది ఎయిట్ బాల్. 1 నుండి 15 వరకు అంకెలున్న బంతులు, కొట్టడానికి ఒక తెల్లబంతి. 1 నుండి 7 వరకు నిండు రంగువి, 9 నుండి 15 వరకు చారలవి, 8వ నంబరుది నల్లది. కేరమ్‌లో నల్లవి ఒకరివి, తెల్లవి ఇంకొకరివి అయినట్టే ఇక్కడ నిండువి ఒకరివి, చారలవి ఒకరివి. మన ఏడూ వేసుకున్నాక నల్లబంతి వేస్తే గెలుపు. తొందరపడి దాన్ని ముందే వేస్తే ఆట పోయినట్టే. పది నిమిషాల్లో ఒక ఆట తేలిపోతుంది.

స్నూకర్‌లో 15 ఎర్రబంతులు, ఆరు రంగు బంతులు, ఒక తెల్లది, మొత్తం 22. ఎర్రదానికి ఒక పాయింటు. రంగు బంతుల్లో పసుపుకు 2, ఆకుపచ్చకు 3, గోధుమ రంగుకు 4, నీలానికి 5, గులాబీకి 6, నలుపుకు 7. ఒక ఎర్రది వేస్తేనే రంగుది వేసే హక్కు వస్తుంది. కేరమ్‌లో రెడ్ వేశాక కవర్ వేయాలి కదా, కొంచెం అలాంటిదే. వేసిన ఎర్రబంతి మళ్ళీ బల్ల మీదికి రాదు. రంగుది మాత్రం తన స్థానానికి తిరిగి వస్తుంది. ఎర్రవన్నీ అయిపోయాక రంగు బంతులను వరుసగా వేయాలి. లెక్కల శాఖలో పనిచేసిన మిత్రుల కోసం చెబుతున్నాను: ప్రతి ఎర్రదాని తరువాతా నల్లదే వేస్తే 15 సార్లు ఎనిమిది, 120. చివరి ఆరింటికి 27. మొత్తం 147. ఎదుటివాడు తప్పు చేయకుండా ఒక్క ఊపులో సాధించగల పెద్ద సంఖ్య అది.

ఇక ఆడడానికి ఏది అనుకూలం? నా మాట పూల్. కారణాలు చెబుతాను. స్నూకర్ బల్ల పొడవు పన్నెండడుగులు, వెడల్పు ఆరడుగులు. దాని చుట్టూ కర్ర ఆడించడానికి చోటు కావాలంటే గది కనీసం 22 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు ఉండాలి. గుడ్డ కింద రాతి పలకలుంటాయి కాబట్టి బరువు టన్నుకు పైనే. ఏడడుగుల పూల్ బల్లకైతే 17 అడుగులకు 13 అడుగుల గది చాలు. మన హాలు కొలతలు మీకు తెలుసు. అదీగాక స్నూకర్ బంతి చిన్నది, సంచి మూతి ఇరుకు, బంతి వెళ్ళాల్సిన దూరం ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవారు గంటసేపు వంగి కొట్టినా నాలుగు బంతులు పడకపోవచ్చు. పూల్ బంతి పెద్దది, సంచి మూతి విశాలం. మొదటి రోజే రెండు బంతులు పడతాయి. అరవై దాటినవాడికి మర్నాడు మళ్ళీ రావాలనిపించడానికి ఆ రెండు బంతులు చాలు.

నడుము నొప్పులు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి చిన్న బల్లే మేలు. పెద్ద బల్ల మీద దూరపు బంతికి బాగా వంగి, చెయ్యి చాచాలి. చిన్న బల్ల దగ్గర ఆ బాధ తక్కువ. ఆటలో ఎంత సేపున్నా పరుగు లేదు. నాలుగడుగులు నడవడం, వంగడం, గురి చూడడం, పక్కకు తప్పుకుని వంతు కోసం నిలబడడం, అంతే. చేతిలో పట్టే కర్రను క్యూ అంటారు. పింఛను కోసం బ్యాంకు దగ్గర మనం నిలబడ్డ క్యూ కన్నా ఇది చాలా తేలిక.

ఇక చూడడానికి ఏది? ఇక్కడ నా ఓటు స్నూకర్‌కే. పూల్ చూడడానికి బాగుండదని కాదు. నైన్ బాల్ పోటీలు మహా వేగంగా సాగుతాయి. అన్నిటికన్నా చిన్న అంకె బంతిని ముందు తాకాలి, 9వ బంతిని వేసినవాడు గెలుస్తాడు. అంతకుముందు బంతులన్నీ ఎదుటివాడే వేసినా సరే, ఆఖరిది ఎవరు వేస్తే వారిదే ఆట. 1999లో ప్రపంచ నైన్ బాల్ విజేత అయిన ఫిలిప్పీన్స్ దేశస్థుడు ఎఫ్రెన్ రేయస్ ఆట చూస్తే గారడీ చూసినట్టే ఉంటుంది. కాని ఆ రుచి పులిహోర లాంటిది. వెంటనే బాగుంటుంది, వెంటనే అయిపోతుంది.

స్నూకర్‌లో బంతి వేయడం కుదరకపోతే ఎదుటివాడికి దారి మూసేయవచ్చు. తెల్లబంతిని వేరే బంతి చాటున దాచితే అతను కొట్టవలసిన బంతిని నేరుగా కొట్టలేడు. దీన్నే స్నూకర్ వేయడం అంటారు. తప్పు కొడితే ఎదుటివాడికి కనీసం నాలుగు పాయింట్లు వస్తాయి. బల్ల మీద 27 పాయింట్లే మిగిలి, మీరు 30 వెనకబడి ఉన్నారనుకోండి. బంతులన్నీ వేసినా గెలవరు. అయినా ఆట అయిపోలేదు. ఎదుటివాడి చేత తప్పు చేయించగలిగితే ఆశ ఉంది. ఈ లెక్క తెలిసిన ప్రేక్షకుడు ఆటగాడితో సమానంగా ఆలోచిస్తూ కూర్చుంటాడు.

దీనికి మంచి ఉదాహరణ 1985 ప్రపంచ ఫైనల్. స్టీవ్ డేవిస్ మొదట ఎనిమిది ఫ్రేములు వరుసగా గెలిచాడు. డెనిస్ టేలర్ నెమ్మదిగా అందుకుని 17-17 దాకా తెచ్చాడు. చివరి ఫ్రేము చివరి నల్లబంతి దాకా వెళ్ళింది. అది వేసి టేలర్ గెలిచాడు. మొత్తం పోటీలో అతను ముందంజలో ఉన్నది ఆ ఒక్క క్షణమే. అర్ధరాత్రి దాటినా బ్రిటన్‌లో కోటీ ఎనభై అయిదు లక్షల మంది టీవీల ముందు మేలుకుని ఉన్నారు. మనకు పనికొచ్చే సంగతి మరొకటుంది. టేలర్ కళ్ళద్దాల మనిషి. వంగినప్పుడు మామూలు అద్దాల పైనుంచి చూడవలసి వస్తుంది కాబట్టి, అద్దాలు బాగా ఎత్తుగా ఉండే ప్రత్యేకమైన జోడు చేయించుకున్నాడు. కళ్ళద్దాలున్నాయి, మాకెలా అనేవారికి అదే జవాబు.

వయసు సంగతి కూడా చెప్పుకుందాం. ఫ్రెడ్ డేవిస్ 1978లో 64 ఏళ్ళ వయసులో ప్రపంచ స్నూకర్ సెమీఫైనల్ ఆడాడు. 2025 ఫైనల్లో చైనా కుర్రవాడు ఝావో షిన్‌టాంగ్ చేతిలో ఓడిన మార్క్ విలియమ్స్ వయసు 50. సోదరీమణులకు ఒక మాట. రేవణ్ణ ఉమాదేవి కర్ణాటక ప్రభుత్వోద్యోగిని. ఉద్యోగం చేసుకుంటూనే ఈ బల్ల దగ్గర ఆట నేర్చుకుని 2012లో మహిళల ప్రపంచ బిలియర్డ్స్ విజేత అయ్యారు. కాబట్టి ఈ బల్ల మగవారి సొత్తు అని ఎవరూ అనుకోనక్కరలేదు.

మన దేశం ఈ ఆటల్లో వెనకబడి లేదు. 1958లో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచాడు. 1984లో ఓం అగర్వాల్ డబ్లిన్‌లో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ గెలిచాడు. తరువాత గీత్ సేఠీ, పంకజ్ అద్వానీ వచ్చారు. 2013లో ఢిల్లీలో ఆదిత్య మెహతా ఇండియన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్ళాడు. ఆ ఇండియన్ ఓపెన్ 2016లో హైదరాబాదుకు, 2017 సెప్టెంబరులో మన విశాఖపట్నానికి వచ్చింది. అప్పటికి నాలుగుసార్లు ప్రపంచ విజేత అయిన జాన్ హిగ్గిన్స్ ఫైనల్లో, అంతకుముందు ఏడాది హైదరాబాదులో గెలిచిన ఆంథోనీ మెగిల్‌ను 5-1 తేడాతో ఓడించాడు. ఇంత పెద్ద ఆట ఎచ్చెర్లలో బస్సెక్కితే పూటలో చేరగల ఊరికి వచ్చి వెళ్ళింది. మనలో ఎందరికి తెలిసింది?

ఇంతకీ బల్ల గురించి ఇంత చర్చ ఎందుకంటారా? పదవీ విరమణ తరువాత మనం కలుసుకునే సందర్భాలు ఏమిటో ఒకసారి ఆలోచించండి. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజున కలుస్తాం. డి.ఎ. బకాయిల కబురు వస్తే కలుస్తాం. మనలో ఒకరు పోయారని తెలిస్తే కలుస్తాం. మిగిలిన రోజులన్నీ ఎవరి వరండాలో వారు, ఎవరి కుర్చీలో వారు. బతికున్నామని ఏడాదికోసారి కాగితం మీద సంతకం పెట్టడం కాదు, వారానికి నాలుగు రోజులు ఒకరికొకరం కనబడాలి. నాలుగు రోజులు రాని మనిషి గురించి "ఏమయ్యాడో చూసి రండి" అనే చోటు ఒకటి ఉండాలి. బల్ల దగ్గర వంతు పెట్టుకున్నవాడు రాకపోతే ఆ రోజే తెలుస్తుంది.

ఈ ఆటల్లో మరో మంచి సంప్రదాయం ఉంది. చెయ్యో చొక్కానో పొరపాటున బంతికి తగిలితే, రిఫరీ చూడకపోయినా ఆటగాడు తానే చెప్పేస్తాడు. మన మనుమలకు అది నేర్పే పాఠం పుస్తకాల్లో దొరకదు. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, త్రిబుల్ ఐటీ ఉంది. చదువుకునే పిల్లలూ అప్పుడప్పుడు మన హాలుకు వచ్చి మనతో ఆడితే వారికీ మంచిది, మనకూ మంచిది.

కాబట్టి సభ వారికి నా సూచనలు మూడు. ఒకటి, ఏడడుగుల పూల్ బల్ల పెట్టుకుందాం. రెండు, ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఇంగ్లండులోని షెఫీల్డులో 17 రోజులు ప్రపంచ స్నూకర్ పోటీలు జరుగుతాయి. అక్కడి మధ్యాహ్నపు ఆట మనకు సాయంత్రపు ఆట. పిల్లలకు వేసవి సెలవులు కూడా అప్పుడే. హాలులో అందరం కలిసి చూద్దాం. మూడు, ఒక్క రూపాయి పందెం కూడా ఆ బల్ల మీదికి రాకూడదని ముందే తీర్మానం చేసి గోడకు రాసి పెడదాం. ఓడినవారు టీ ఇప్పించవచ్చు. అది కూడా చక్కెర లేకుండా.