మందు చీటీ - కంప్యూటరు

వైద్యుని చేతివ్రాతను గూర్చి నవ్వుకొననివారు అరుదు. ఆ వ్రాత మందుల దుకాణమువానికి తప్ప మరెవ్వరికిని బోధపడదని సామెతవలె చెప్పుకొందుము. కాని దానిని చదువవలసినది నడిరేయి వార్డులో ఒంటరిగా నున్న నర్సు అయినప్పుడు అది నవ్వులాట కాదు. ఇన్సులిను 4 యూనిట్లని తెలుపుటకై అంకె ప్రక్కన ఇంగ్లీషు 'యు' అక్షరమును గిలికినచో, అది సున్నవలె కనబడి 40 అగును. ప్రాణము మీదికి వచ్చుటకు అంతమాత్రము చాలును. మందుల జనరిక్ పేర్లను స్పష్టముగను, వీలైనచో పెద్ద అక్షరములతోను వ్రాయవలెనని అప్పటి భారత వైద్యమండలి 2016లో నియమించినది.

కంప్యూటరు ద్వారా మందులను ఆదేశించు పద్ధతి ఈ చిక్కునకు విరుగుడుగా వచ్చినది. వైద్యుడు తెరపై మందును, మోతాదును, వేళను ఎన్నుకొనును. రోగికి పడని మందైనను, వాడుచున్న మరొక మందుతో పొసగనిదైనను యంత్రము హెచ్చరించును. ఆదేశము ఆ క్షణముననే మందుల గదికిని, నర్సునకును చేరును. కాలిఫోర్నియాలోని ఎల్ కమీనో ఆసుపత్రి 1971లోనే ఇట్టి పనికి పూనుకొన్నది. బోస్టనులో ఈ పద్ధతి వలన తీవ్రమైన మందుల పొరపాట్లు సగమునకు పైగా తగ్గినట్లు 1998లో ప్రకటింపబడినది.

అట్లయిన జాగేల అని శ్రోతలు అడుగవచ్చును. లాస్ ఏంజెలెస్‌లోని సెడార్స్-సైనాయ్ ఆసుపత్రి ఇట్టి పద్ధతిని ప్రవేశపెట్టిన కొద్ది నెలలకే, 2003 జనవరిలో, నిలిపివేయవలసి వచ్చినది. పని సాగదనియు, హెచ్చరికలు మితిమీరినవనియు వైద్యులు తిరుగబడిరి. వారియందు నాకు కొంత సానుభూతి కలదు. అస్తమానము మ్రోగు గంటను ఎవరాలకింతురు?

మనకు మరింత పనికివచ్చు సంగతి మరొకటి యున్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలోని పద్ధతి 22 విధముల పొరపాట్లకు తావిచ్చుచున్నదని 2005లో పరిశోధకులు వెల్లడించిరి. మందుల గదిలో 10 మిల్లీగ్రాముల మాత్రలే నిల్వయున్నచో తెరపై 10 అని కనబడెడిది. కొందరు యువవైద్యులు దానినే కనీసపు మోతాదని తలచిరి. రోగికి కావలసినది 20 గాని, 30 గాని కావచ్చును.

మన రాష్ట్రమున ప్రభుత్వాసుపత్రుల మందుల నిల్వలను లెక్కించుటకు 'ఈ-ఔషధి' అను ఏర్పాటు వచ్చినది. అది మంచిదే. కాని ధాన్యపు కొట్టులో ఎన్ని బస్తాలున్నవో తెలుపు చిట్టా, ఇంటిలో ఎవరికెంత వండవలెనో తెలుపదు గదా! కొట్టు లెక్క వేరు, రోగి మోతాదు వేరు. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958 నాటిది. రాజమహేంద్రవరము, ఏలూరులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2023లో ఆరంభమైనవి. ఇట్టిచోట్ల ఈ పద్ధతిని రూపొందించువారు మొదట వార్డులో నర్సు ప్రక్కన నాలుగు రాత్రులు కూర్చుండవలెను. పసిబిడ్డ బరువు నమోదు కానిదే మోతాదు ముందుకు సాగరాదు. ప్రాణాపాయమును తెలుపు హెచ్చరికలే బిగ్గరగా నుండవలెను. తుపానునాడు కరెంటు పోయినచో ఏ కాగితము తీయవలెనో ముందే నిర్ణయింపవలెను. నర్సునకు సందేహము కలిగినప్పుడు ఏ వైద్యునికి ఫోను చేయవలెనో ఆ తెరపైననే కనబడవలెను.

ఎంత చక్కని యంత్రమైనను తనకు చెప్పినదే యెరుగును. అమలాపురములో ఒకరు, రాజమహేంద్రవరములో మరొకరు ఒకే మందును రెండు కంపెనీల పేర్లతో వ్రాసియుండవచ్చును. మొదటి చీటీ ఇంటి బీరువాలో నుండిపోయినచో రెండవచోటి కంప్యూటరు దానినెట్లు పట్టగలదు? ఆసుపత్రికి పోవునప్పుడు పాత చీటీలను, వాడి పారవేయబోవు మందు అట్టలను సయితము సంచిలో వేసికొని పోవలెను. పడని మందు ఏదైన నున్నచో అడుగకమునుపే చెప్పవలెను.