ఎక్స్‌రే చదువులో రోగి భాషకు చోటెక్కడ?



రేడియాలజీ సిలబస్ గురించి పాస్టర్ మాట్లాడటమేమిటని కొందరికి అనిపించి ఉంటుంది. యంత్రం ఎలా నడపాలో నేను చెప్పబోవడం లేదు. ఆ యంత్రం ముందు నిలబడే మనిషికి ఆ చదువులో ఎన్ని గంటలు కేటాయించారు? ఇది అడగడానికి రేడియాలజీ చదవనక్కర్లేదు, ఒకసారి ఆసుపత్రి వరండాలో కూర్చుంటే చాలు.

అడగాల్సిన సమయం కూడా ఇదే. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చింది. అంతకు ముందు డాక్టర్లకు, నర్సులకు ఉన్నట్టు ఎక్స్‌రే, స్కానింగ్ సిబ్బందికి దేశమంతటికీ ఒక చట్టబద్ధమైన మండలి లేదు. 2025లో కొన్ని వృత్తులకు కొత్త పాఠ్యప్రణాళికలు విడుదలయ్యాయి. వాటిలో మెడికల్ రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజీ కూడా ఉంది. మన కర్ణాటకలో ఈ డిగ్రీ బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఢిల్లీ ఇచ్చేది చట్రం మాత్రమే. అందులో ఏం నింపాలన్నది బళ్లారిని చూసి కూడా నిర్ణయించాలి.

బళ్లారి ఎలాంటి ఊరో మీకు చెప్పనక్కర్లేదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. రోగానికి ఆ సరిహద్దు లేదు. మనం ఇప్పటికీ విమ్స్ అనే పిలుచుకునే పెద్దాసుపత్రికి ఆ పల్లెల నుంచి బస్సెక్కి వస్తూనే ఉన్నారు. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడీ నాలుగూ వినబడతాయి.

ఇప్పుడు గది లోపలికి పోదాం. ఛాతీ ఎక్స్‌రేకి గాలి నిండా పీల్చి బిగపట్టాలి. అప్పుడే వెనకవైపు పక్కటెముకలు తొమ్మిదో పదో ఊపిరితిత్తుల మీద స్పష్టంగా లెక్కకు వస్తాయి. సగం గాలితో తీస్తే గుండె లేనిపోని పెద్దదిగా కనబడుతుంది, ఊపిరితిత్తుల అడుగున లేని నీడలు కనబడతాయి. ఆలూరు పక్క పల్లె నుంచి వచ్చిన అవ్వకు ‘ఉసిరు ఎళెదు హిడ్కొళ్ళి’ అని గట్టిగా చెబితే ఏమర్థమవుతుంది? మన తెలుగులో ఉసురు అంటే ప్రాణం, ఉసురు తగలడమంటే శాపం. ఆమె బిత్తరపోయి చూస్తుంది. ఇక ఫిల్మ్ పాడవుతుంది, మళ్లీ తీస్తారు, మళ్లీ రేడియేషన్. ఛాతీ ఎక్స్‌రే ఒక్కదానిలో అది 0.1 మిల్లీసీవర్టు లోపే కాబట్టి భయపెట్టను. కానీ సీటీ స్కాన్‌లో అది ఎన్నో రెట్లు. అక్కడ కదలవద్దన్న మాట అర్థం కాకపోతే నష్టం చిన్నది కాదు. కాబట్టి భాష అనేది మర్యాదతో ఆగిపోయే విషయం కాదు, బొమ్మ నాణ్యతకు సంబంధించిన విషయం. యొర్దాను రేవుల దగ్గర ఒక్క మాట సరిగా పలకలేక ప్రాణాలు పోగొట్టుకున్న ఎఫ్రాయిమీయుల సంగతి మనకు తెలుసు. సరిహద్దుల్లో మాటకు అంత బరువుంటుంది.

నేను కోరేది పెద్ద పుస్తకం కాదు. పీల్చు, బిగపట్టు, వదులు, కదలొద్దు, ఇలాంటివి ముప్పై నలభై మాటలు జిల్లాలో మాట్లాడే భాషలన్నింటిలో నేర్పాలి. ప్రాక్టికల్ పరీక్షలో వాటికి మార్కులుండాలి. మార్కులు లేనిదాన్ని మన పిల్లలు చదవరని మీకూ తెలుసు!

గర్భం సంగతి అడగడం కూడా నేర్పాల్సిన విద్యే. అత్త పక్కనుండగా, క్యూ అంతా వింటుండగా, ‘ఏమ్మా, నెల తప్పావా?’ అని తలుపు దగ్గర అడిగితే కొత్త కోడలు ఏం చెబుతుంది? లేదనే అంటుంది. పెళ్లికాని పిల్లయితే మరీను. ఆ ప్రశ్న ఒంటరిగా, మెల్లగా అడగాలి. తాళిబొట్టు, నల్లపూసలు ఎందుకు తీయమంటున్నారో చెప్పి, వెంట వచ్చినవాళ్ల చేతికివ్వమనాలి. కసరడం ఎందుకు?

ఇక దుమ్ము. సండూరు గనుల్లో, క్వారీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసినవాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి గనుల తవ్వకం ఆపింది. పని పోయినా ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన రాతి దుమ్ము పోదు. సిలికోసిస్ పని మానేసిన తర్వాత కూడా ముదురుతుంది. అది ఫిల్మ్ మీద క్షయలాగే భ్రమింపజేస్తుంది కనుక ఏళ్ల తరబడి టీబీ మందులు మింగేవాళ్లుంటారు. ఫిల్మ్ తేలిపోతే లేని మచ్చలు ఉన్నట్టుంటాయి, మరీ నల్లబడితే ఉన్న మచ్చలు మాయమవుతాయి. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ ఫిల్ములు చదివే పద్ధతిలో మొదట ఫిల్మ్ నాణ్యతనే నాలుగు గ్రేడులుగా చూస్తుంది. గని కార్మికుడికి అయిదేళ్లకోసారైనా వైద్య పరీక్ష జరగాలని 1955 నాటి గనుల నియమాలు చెబుతున్నాయి. కాంట్రాక్టు కూలీకి అది ఎంతవరకు అందిందో మీరే మీ వీధిలో అడగండి. పరిహారం అడగాలంటే రుజువు కావాలి, ఆ రుజువుకు మొదటి మెట్టు మంచి ఫిల్మ్. వృత్తి వ్యాధుల ఎక్స్‌రే బళ్లారి విద్యార్థికి ఒక పూర్తి యూనిట్‌గా ఉండాలి. అందులో కొన్ని రోజులు గని ఊళ్లలో క్యాంపు చేయాలి.

చదివే పిల్లల సంగతి కూడా మరవొద్దు. రేడియేషన్ మధ్య పనిచేసేవారికి మన దేశంలో పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. దాన్ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఇంటర్న్ ఛాతీ మీద ఉండాలి, బీరువాలో కాదు. జీతం ఇవ్వకుండా రాత్రి డ్యూటీ అంతా ఇంటర్న్‌తో నెట్టుకొచ్చే చోట్లున్నాయి. లింగ నిర్ధారణ నిషేధించిన 1994 చట్టాన్ని కూడా చట్టం పేరు, సెక్షన్ల వరకే చెప్పి వదలకండి. యజమాని ఒత్తిడి చేస్తే చిన్న ఉద్యోగి ఎలా కాదనాలి, ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్నది కూడా నేర్పండి.

ఇదంతా సిలబస్‌లోకి రావాలంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ప్రొఫెసర్లు ఉంటే సరిపోదు. పాతికేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్న టెక్నీషియన్ ఒకరు, ఆశా కార్యకర్త ఒకరు, గని కార్మిక సంఘం మనిషి ఒకరు కనీసం సలహాదారులుగానైనా కూర్చోవాలి. విశ్వవిద్యాలయానికి రాసిన వినతిపత్రం తలుపు దగ్గర బల్ల మీద ఉంది, కన్నడలోనూ తెలుగులోనూ. ముందు చదవండి. ఒప్పుకుంటే సంతకం పెట్టండి. ఆ ముప్పై నలభై మాటల జాబితాలో లంబాడీ మాటల గడి ఇంకా ఖాళీగా ఉంది, తాండాల నుంచి వచ్చిన అక్కలు వెళ్లేముందు దాన్ని నింపి పొండి.