నాచు – బొగ్గుపులుసు వాయువు
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



చెఱువునీటిపై తేలు నాచును మనము పనికిమాలినదని త్రోసివేయుదుము. కాని కంటికి విడివిడిగా కానరాని సూక్ష్మజాతుల నాచు ఎండను, నీటిని, బొగ్గుపులుసు వాయువును గ్రహించి తన దేహమును నిర్మించుకొనుచున్నది. ఎండిన నాచు బరువులో ఇంచుమించు సగము కర్బనమే. కావున 1 కిలో ఎండునాచు పెరుగుటకు సుమారు 1.8 కిలోల వాయువు కావలయును.

ఈ నాచునుండి విలువగల పదార్థములు లభించుచున్నవి. ఉప్పునీట పెరుగు డునాలియెల్లా కెరోటిన్ అను వర్ణద్రవ్యము నిచ్చును. హెమటోకాకస్ ఆస్టాజాంథిన్ అను ఎఱ్ఱని పదార్థము నిచ్చును. స్పిరులినా ఎండుబరువులో సగమునకు మించి మాంసకృత్తులే. ఆఫ్రికాఖండమందలి చాద్ సరస్సు ప్రాంతపు స్త్రీలు దానిని వడగట్టి, ఎండబెట్టి, ఆహారముగా విక్రయింతురు.

అమెరికా ప్రభుత్వము 1978 మొదలు 1996 వఱకు నాచునుండి తైలము తీయుటకై పరిశోధనలు జరిపించెను. న్యూమెక్సికోలోని రాస్వెల్ చెంత ఆరుబయలు మడుగులలో నాచును పెంచిరి. జాగ్రత్తతో పంపిన వాయువులో నూటికి 90 పాళ్లకు మించి వినియోగపడెను. అయినను రాత్రుల చలిచే పెరుగుదల తగ్గెను. తైలము భూమినుండి తోడు నూనెకంటె మిక్కిలి ప్రియమని తేలెను.

ఇక లెక్క చూడుడు. చదరపు మీటరునకు దినమునకు 20 గ్రాములు పండినచో, ఎకరము మడుగున 80 కిలోల నాచు పెరిగి, సుమారు 150 కిలోల వాయువును గ్రహించును. 500 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము నిండుగా నడచినచో దినమునకు 1.2 కోట్ల యూనిట్లు పుట్టును. యూనిటు కించుమించు 1 కిలో వాయువు వెలువడును. దానినంతయు మ్రింగుటకు 80 వేల ఎకరముల మడుగులు వలయును! అంతియగాక, మనము భుజించిన నాచులోని కర్బనము మన ఊపిరితో మరల గాలిలోనే కలియును.

కావున నాచు లోకములోని పొగనంతయు హరించునని పలికి వాటాలమ్మువారిని నమ్మి, మన రైతులు చేపలచెఱువులను, మన సంఘము విద్యార్థివేతనముల నిధిని ఒడ్డరాదు. ఎంత పండును? ఆరబెట్టుట కెంత ఖర్చగును? కొనువా రెవరు? ఈ మూడు ప్రశ్నలకు అంకెలతో సమాధానము దొరకినపిమ్మటనే ధనము పెట్టవలయును.

అటులని ఈ విద్యను విడనాడరాదు. పోషకులు మన బాలబాలికలలో ఒక్కరినైన ఈ శాస్త్రమును అభ్యసింపజేసిన, రేపటి సభలో ఈ లెక్కలను మనవారే సరిచూడగలరు. అదియే నా విన్నపము.