“కెనాట్ బి డన్”: ఎవరివల్ల కాదు?
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)

 

వేపపూత పచ్చడి తిని, పంచాంగశ్రవణం చేసి కూర్చున్న సభలో ఇంగ్లీషు వ్యాకరణం విప్పడం కొంత సాహసమే. చేదు ఇప్పటికే తిన్నారు గనుక ఇది అంత చేదుగా ఉండదని నా ధైర్యం. మన ఇళ్ళకు స్కూళ్ళనుంచి, బ్యాంకులనుంచి, ఆఫీసులనుంచి ఇంగ్లీషు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. వాటిలో తరచు తగిలే మాట ఒకటి ఉన్నది: “కెనాట్ బి”. కెనాట్ బి గ్రాంటెడ్, కెనాట్ బి అడ్మిటెడ్, కెనాట్ బి డన్. ఈ చిన్నమాటను గురించే నేడు నేను మనవి చేయదలచుకున్నది.

“ఐ కెనాట్ డూ ఇట్” అన్నది కర్తరి. “ఇట్ కెనాట్ బి డన్” అన్నది కర్మణి. వాక్యం తిరగవేయడమే తప్ప అర్థంలో భేదం లేదని బడిలో మనం నేర్చుకున్నాం. కాని ఇక్కడ భేదం ఉన్నది. మొదటి వాక్యంలో లోటు నాది. నాకు బలం చాలదు, లేదా నేర్పు చాలదు. రెండవ వాక్యంలో లోటు నన్ను విడిచి పనిమీదికి పోయింది. ఆ పని స్వభావమే అటువంటిది, ఎవరు పూనుకున్నా కాదు అని ధ్వని. 1985లో క్వెర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అనే నలుగురు పండితులు వెలువరించిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం కూడా ఈ సంగతి గుర్తించింది. కర్తరిలో “కాన్” అనేది మనిషి శక్తిని చెబుతుంది. కర్మణిలోకి మారగానే సాధ్యాసాధ్యాలను చెబుతుంది.

“కాన్” అన్న మాట పుట్టుక వింటే ఇది మరింత తేటపడుతుంది. ప్రాచీన ఇంగ్లీషులో దాని మొదటి అర్థం “ఎరుగు, తెలియు” అని. మన సంస్కృతంలోని “జ్ఞా” ధాతువుకు అది దూరపు చుట్టం. తెలియడం మనిషికే గాని రాతికి, కర్రకు ఉండదు గదా! తెలిసినవాడు చేయగలడు గనుక తెలివి కాస్తా శక్తి అయింది; కాలక్రమాన శక్తి కాస్తా సాధ్యత అయింది. ఆ తరువాతనే “ఈ రాయి ఎత్తబడజాలదు” అనే ధోరణిలో వస్తువును ముందు నిలిపి మాట్లాడే వీలు ఇంగ్లీషువారికి బాగా కలిగింది.

కర్మణిలో ఇంకొక సౌకర్యం ఉన్నది. కర్తను చెప్పనక్కరలేదు. డెన్మార్కు దేశీయుడైన యెస్పెర్సన్ పండితుడు 1924లో వెలువరించిన గ్రంథంలో, ఇంగ్లీషు కర్మణి వాక్యాలలో నూటికి డెబ్బైకి పైగా కర్త పేరు లేనివేనని చూపాడు. కర్త మాయమయ్యాక “కాదు” అన్నది ఎవరి నోటిమాటో తెలియదు. ఆకాశవాణి వలె వినిపిస్తుంది.

అందుచేత “కెనాట్ బి” అనే ఒకే చొక్కాను మూడు వేరువేరు “కాదు”లు తొడుక్కుంటాయి. మొదటిది ప్రకృతి కాదన్నది. ఏ శక్తీ ఇవ్వకుండా తనంతట తాను నిరంతరం పనిచేసే యంత్రం “కెనాట్ బి బిల్ట్”. దానిమీద అప్పీలు లేదు. రెండవది నిబంధన కాదన్నది. ఈ టికెట్టు మరొకరికి “కెనాట్ బి ట్రాన్స్‌ఫర్డ్” అంటారు. చేతినుంచి చేతికి మారడానికి కాగితానికి అడ్డేమున్నది? అడ్డం రూలు, రూలు రాసినవారు దానిని మార్చనూవచ్చును. మూడవది మనిషి కాదన్నది. “యువర్ రిక్వెస్ట్ కెనాట్ బి గ్రాంటెడ్” అన్నచోట ఒక్కొక్కప్పుడు “మాకిష్టం లేదు” అనేదే అసలు మాట.

ఇందులో కపటం తప్ప మరేమీ లేదనడం న్యాయం కాదు. “నేనివ్వను” అని ముఖాన కొట్టినట్టు చెప్పడం ఇంగ్లీషువారికీ మొరటే. మర్యాదకోసం తనను తాను పక్కకు తప్పించుకుంటాడు. అయితే మర్యాద చాటున బాధ్యత కూడా దాక్కోవచ్చును. 1946లో జార్జి ఆర్వెల్ ఒక వ్యాసంలో, కర్తరి వీలైనచోట కర్మణి వాడవద్దని తన దేశీయులను హెచ్చరించాడు.

మన పిల్లలు ఎరిగి ఉండవలసిన పలుకుబళ్ళు కొన్ని ఉన్నాయి. “ఇట్ కాంట్ బి హెల్ప్‌డ్” అంటే సాయం దొరకదని కాదు. “ఏం చేస్తాం, తప్పదు” అని. ఇక్కడ “హెల్ప్” అంటే తప్పించడం. “నోవేర్ టు బి ఫౌండ్” అన్నప్పుడు “కాన్” లేకపోయినా, ఎంత వెదికినా దొరకలేదనే అర్థం. ఒకరి సేవ “కెనాట్ బి ఓవర్ఎస్టిమేటెడ్” అంటే, ఎంత గొప్పగా లెక్కకట్టినా ఎక్కువ కాదని మెప్పు. ఇక్కడ ఇంగ్లీషువారే తడబడి “అండర్ఎస్టిమేటెడ్” అనేస్తుంటారు!

మరి మన తెలుగు ఎట్లా చెబుతుంది? “నావల్ల కాదు”, “నాచేత కాదు” అంటాం. పని ముందుకు వచ్చినా మనిషి పారిపోలేదు. “నా” అన్నది అక్కడే నిలిచి ఉన్నది. మన చుట్టుపక్కల వారూ అంతే. తమిళులు “ఎన్నాల్ ముడియాదు” అంటారు, కన్నడిగులు “నన్నింద ఆగువుదిల్ల” అంటారు, ఒడియావారు “మో ద్వారా హేబ నాహిఁ” అంటారు. హిందీవారి “ముఝ్‌సే చలా నహీఁ జాతా” కర్మణిని పోలిన భావే ప్రయోగం. అయినా “నాచేత” అనేది పోలేదు. ఈ పలుకుబడిలో ఒక మేలున్నది. నావల్ల కాదంటే మరొకరివల్ల కావచ్చును. “సరే, నేను చూస్తానుండు” అని పక్కవాడు లేవడానికి చోటున్నది. “ఇట్ కెనాట్ బి డన్” అన్న తరువాత లేచేవాడెవడు?

మనకు మాత్రం ముసుగులు లేవా? ఉన్నాయి. “కుదరదు”, “వీలుపడదు” అన్నవి అటువంటివే. “ఇచ్చట అరువు ఇవ్వబడదు” అని అంగడిలో బోర్డు కడతారు. “నేనివ్వను” అంటే చిన్నాన్న వరసవాడు కోప్పడతాడు. “ఇవ్వబడదు” అంటే బోర్డుమీద ఎవరు కోప్పడతారు?

కనుక నేను చెప్పేది ఒక్కటే. “కెనాట్ బి” కనబడినప్పుడల్లా దాని పక్కన “ఎవరివల్ల?” అనే ప్రశ్న పెట్టి చూడండి. ప్రకృతి కాదంటే తలవంచుదాం. రూలు కాదంటే ఆ రూలు చూపమని అడుగుదాం. మనిషి కాదంటే మళ్ళీ మర్యాదగా అర్జీ పెట్టుకుందాం. ఉదాహరణకు, తెలుగు తరగతి “కెనాట్ బి ప్రొవైడెడ్” అని ఎక్కడైనా జవాబు వచ్చిందనుకోండి. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించడానికి ప్రయత్నించవలసినదెవరో పేరుపెట్టి చెబుతున్నది: ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానికాధికార సంస్థా. అక్కడ కర్త మాయం కాలేదు. మన అర్జీలో ఆ కర్తను గుర్తుచేయడం తప్పు కాదు.

ఇదే ప్రశ్న మన ఇంట్లోనూ వేసుకోవాలి. “ఈ ఊళ్ళో పిల్లలకు తెలుగు రావడం సాధ్యం కాదండీ” అని మనం అనుకుంటూ ఉంటాం. ఈ వాక్యంలో కర్త ఎవరు? ఊరా, బడా, కాలమా? కర్తను చేర్చి చెప్పి చూడండి: “మేము నేర్పడం లేదు.” వినడానికి కొంచెం కటువుగానే ఉంటుంది. కాని సాధ్యం కానిదానికి మందు లేదు. చేయడం లేదన్నదానికి మందున్నది. రాత్రి భోజనాలయ్యాక అమ్మమ్మ దగ్గర ఒక కథ వినిపించడం, వారానికొక ఉత్తరం మేనమామకు తెలుగులో రాయించడం, ఇవి ఎవరివల్లనైనా అయ్యే పనులు. రేపు ఆదివారంనాడు మొదలుపెట్టవచ్చును. సెలవు.