పాత స్కాన్ కాగితం పారేయకండి



మన సికింద్రాబాద్ బస్తీల్లో పెద్దవాళ్లకు చూపు మందగిస్తే 'మోతియాబింద్' అనుకుంటాం. అది శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది. 'కాలా మోతియా' అలా కాదు. దాన్నే తెలుగులో నీటికాసులు, డాక్టర్లు గ్లాకోమా అంటారు. ఇందులో కంటి వెనకనున్న దృష్టినాడి మెల్లగా దెబ్బతింటుంది. పోయిన చూపు ఇక రాదు, మిగిలింది కాపాడుకోవాలి.

చాలామందికి నొప్పి ఉండదు. ముందు పక్కచూపు పోతుంది కనుక రోగికే తెలియదు. 1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనంలో హైదరాబాద్ వాసులను పరీక్షించినప్పుడు, ఓపెన్ యాంగిల్ గ్లాకోమా బయటపడిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి అంతకుముందు ఆ సంగతే తెలియదు.

కంటి ప్రెషర్ మామూలుగా ఉన్నా ఈ జబ్బు ఉండవచ్చు. అందుకే నాడిని చూడాలి. ఫండస్ కెమెరా నాడి మొదలును ఫోటో తీస్తుంది. దాని మధ్య గుంట పెద్దదైతే అనుమానించాలి. 1991లో లోకానికి తెలిసిన ఓసీటీ ఇంకా లోతుగా చూస్తుంది. కంటిలోకి కాంతిని పంపి, పొరల నుంచి తిరిగొచ్చే కాంతిని బట్టి నాడీపోగుల మందం కొలుస్తుంది. ఆరోగ్యమైన కంట్లో అది సుమారు వెంట్రుక మందమే. సూది ఉండదు, కోత ఉండదు. కొన్ని నిమిషాల పని.

కాగితంపై ఎరుపు రంగు కనబడగానే కంగారు పడవద్దు. మైనస్ పవరు బాగా ఎక్కువున్న కళ్లకూ ఎరుపు రావచ్చు. పచ్చగా ఉంటే నిశ్చింత అని కూడా కాదు. ఫీల్డ్ టెస్ట్‌తో కలిపి డాక్టరు గారే తేల్చాలి. నాడి ఇంకా తరిగిపోతోందా లేదా అన్నది పాత స్కాన్ పక్కన కొత్తది పెట్టి చూస్తేనే తెలుస్తుంది. యంత్రం మారితే కొలతలూ మారతాయి. వీలైనంత వరకు ఒకేచోట తీయించుకోవాలి.

రంజాన్‌లో కొందరు కంటిచుక్కలు మానేస్తారు. చుక్కలతో ఉపవాసం భంగం కాదని చాలామంది ఉలమా చెబుతున్నారు. అయినా సందేహముంటే సహరీ, ఇఫ్తార్ వేళలకు సర్దమని డాక్టరు గారిని అడగండి. మానడం మాత్రం వద్దు.

నలభై దాటినవారు, ముఖ్యంగా ఇంట్లో అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఈ జబ్బున్నవారు, నాడి పరీక్ష చేయించుకోండి. మన శిబిరాల్లో కళ్లద్దాలతో ఆగకుండా, అనుమానమున్న పేదవారికి స్కాన్ ఖర్చు, మళ్లీ పరీక్షకు వెళ్లే ఆటో ఛార్జీ కూడా మన సదఖాలో చేర్చుకుందాం.

అల్లాహ్ ఇచ్చిన చూపు ఒక అమానత్. దాన్ని కాపాడుకునే బుద్ధిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.