పరిగెత్తమని చెప్పని పుస్తకం, అరకు కొండల్లో మొదటి పరుగు

ఈ ఎపిసోడ్‌లో ఒక సన్నటి పుస్తకం గురించి, పరుగు గురించి, మన అరకు, పాడేరు కొండల గురించి మాట్లాడుకుందాం. ఈ మూడింటికీ ఏంటి సంబంధం అనిపిస్తోంది కదా? కొంచెం ఓపిక పట్టండి, మీకే అర్థమవుతుంది.

పుస్తకం పేరు ‘వాట్ ఐ టాక్ అబౌట్ వెన్ ఐ టాక్ అబౌట్ రన్నింగ్’. రాసింది హరుకి మురకామి, జపాన్ నవలా రచయిత. 2007లో జపనీస్‌లో వచ్చింది, 2008లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఒక రచయిత తన పరుగు గురించి తనే రాసుకున్న జ్ఞాపకాలు ఇవి. ప్రపంచంలో చాలామంది ఈ పుస్తకం చదివాకే మొదటిసారి షూ లేసులు కట్టుకున్నారు.

ఇందులో తమాషా ఏంటంటే, ఆయన ఎక్కడా “మీరూ పరిగెత్తండి” అని మనల్ని తొందరపెట్టడు. స్కూల్లో ఇష్టం లేని పిల్లల్ని బలవంతంగా పరిగెత్తించడం ఆయనకి అస్సలు నచ్చదు. తను ఎందుకు పరిగెత్తుతాడో, ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎప్పుడు విసుగొస్తుందో చెబుతాడంతే. మోటివేషన్ వీడియోల్లో ఉండే అరుపులు ఇందులో లేవు. అందుకే అది మనసుకు ఎక్కుతుంది.

అసలు ఈ మురకామి ఎవరు? స్పోర్ట్స్ కోటాలో వచ్చినవాడు కాదు. టోక్యోలో భార్యతో కలిసి ఒక జాజ్ బార్ నడిపేవాడు. రాత్రి పొద్దుపోయేదాకా పని, చుట్టూ పొగ. 1978లో బేస్‌బాల్ మ్యాచ్ చూస్తుండగా నవల రాయాలని బుద్ధి పుట్టింది. రాశాడు, బహుమతి వచ్చింది. తర్వాత బార్ వదిలేసి పూర్తిగా రచనలోకి దిగాడు. అప్పుడు మొదలైంది అసలు సమస్య. రోజంతా కుర్చీలో కూర్చోవడం, రోజుకి అరవై సిగరెట్లు, ఒళ్లు పెరగడం. 1982లో, 33 ఏళ్ల వయసులో పరుగు మొదలుపెట్టాడు. మొదట్లో ఇరవై, ముప్పై నిమిషాలకే ఆయాసం. మెల్లగా సిగరెట్లు పోయాయి, నిద్ర టైము మారింది. 1983లో గ్రీసులో, ఏథెన్స్ నుంచి మారథాన్ ఊరిదాకా, మండుటెండలో ఒక్కడే పరిగెత్తాడు. అది దాదాపు 40 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే ఇంచుమించు అరకు నుంచి పాడేరు. 1996లో హొక్కైడోలో 100 కిలోమీటర్ల రేసు పూర్తి చేశాడు, 11 గంటల 42 నిమిషాల్లో. వైజాగ్‌లో బయల్దేరితే ఘాట్ ఎక్కి అనంతగిరి దాటి, అరకు ఇంకాస్త దూరం ఉందనగా ఆగినట్టు!

సరే, ఇప్పుడు మనవైపు వద్దాం. మీలో కొందరికి ఈపాటికి ఒక డౌటు వచ్చి ఉంటుంది. “ఆయనకేం, టోక్యో రచయిత. కూర్చుని కూర్చుని విసుగొచ్చి పరిగెత్తాడు. మా కొండల్లో నడక హాబీయా? మా అమ్మ సంత రోజున బరువు నెత్తిన పెట్టుకుని కొండ దిగుతుంది, సాయంత్రం మళ్లీ ఎక్కుతుంది. రోడ్డు లేని ఊళ్లలో జబ్బు చేసినవాళ్లని డోలీలో మోసుకొస్తారు. మాకెవరో పరుగు నేర్పాలా?”

ఈ ప్రశ్న న్యాయమైనదే. కొండమీద పుట్టిన పిల్లలకి కాళ్లలో బలం ఎవరూ కొత్తగా పెట్టక్కర్లేదు. థింసా ఆడేటప్పుడు చూడండి, ఒకరి వెనక ఒకరు చేతులు పట్టుకుని, డప్పు దెబ్బకి అడుగు తప్పకుండా ఎంతసేపు ఆడతారో! దానికి ఎంత దమ్ము కావాలో ఆడినవాళ్లకే తెలుసు. కానీ ఒక తేడా ఉంది. సంతకి నడవడం బతుకుతెరువు కోసం, డోలీ మోయడం ప్రాణం కోసం. ఈ శ్రమంతా ఎవరికోసమో చేసేది. మురకామి పుస్తకంలో నాకు నచ్చింది ఏంటంటే, రోజులో ఒక గంట ఎవరికీ బాకీ లేని గంటగా ఆయన దాచుకుంటాడు. హాస్టల్‌లో ఉండే అమ్మాయికి, రోజంతా ఇంటిపని, పొలంపని ఉండే అబ్బాయికి అలాంటి అరగంట దొరకడం చిన్న విషయం కాదు.

మన దగ్గర పరుగు అంటే చాలామందికి ఒకటే అర్థం, నోటిఫికేషన్. పోలీస్ కానిస్టేబుల్ పడింది, అగ్నివీర్ పడింది అనగానే గ్రౌండ్ నిండిపోతుంది. గత కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో 1600 మీటర్ల పరుగుకి మగవాళ్లకి 8 నిమిషాలు, ఆడవాళ్లకి 10 నిమిషాల 30 సెకన్లు ఇచ్చారు. అంటే మగవాళ్లు కిలోమీటరు 5 నిమిషాల్లో వెళ్లాలి. ఉద్యోగం కోసం పరిగెత్తడం తప్పేమీ కాదు, ఒక ఇంటి పరిస్థితి మారిపోతుంది. చిక్కు ఎక్కడంటే, రెండు నెలల ముందు లేచి, మొదటి రోజునుంచే ఫుల్ స్పీడులో వెళ్తారు. పదిహేను రోజులకి పిక్క ఎముక ముందు భాగం లాగడం మొదలవుతుంది. నొప్పితోనే లాగిస్తారు. సెలక్ట్ కాకపోతే ఆ రోజుతో పరుగు బంద్. సెలక్ట్ అయినా చాలామందికి ఆ రోజుతోనే బంద్!

మురకామి దీనికి ఒక మంచి కిటుకు పాటిస్తాడు. రాసేటప్పుడు ఇంకా రాయగలను అనిపించే చోటే ఆపేస్తాడు, మర్నాడు సులువుగా అందుకోవడానికి. పరుగులోనూ అంతే, ఇంకొంచెం వెళ్లగలను అనిపించినప్పుడే ఆగడం. రేపు మళ్లీ రావాలనిపించేలా ఇవాళ ఆపడం అన్నమాట. నోటిఫికేషన్ వచ్చేనాటికి మీరు ఆరు నెలలుగా మెల్లగా పరిగెత్తుతూ ఉంటే, ఆ 1600 మీటర్లకి భయం ఉండదు. రాకపోయినా, సెలక్ట్ కాకపోయినా, మీ గంట మీకు మిగులుతుంది.

ఇంకొక మాట. “అరకు ఎత్తులో ఉంది కదా, ఇక్కడ పరిగెత్తితే కెన్యా వాళ్లలా అయిపోతాం” అని కొందరు అంటుంటారు. నిజం చెప్పుకుందాం. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. కెన్యా రన్నర్ల ఊరు ఇటెన్ దాదాపు 2,400 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ తగ్గి రక్తంలో మార్పు రావాలంటే మన ఎత్తు చాలదు. మనకున్న లాభం వేరే. ఒకటి చల్లదనం. వైజాగ్‌లో ఏప్రిల్‌లో పొద్దున్న ఏడింటికే చెమటలు కారిపోతుంటే, ఇక్కడ హాయిగా పరిగెత్తొచ్చు. రెండోది ఎత్తుపల్లాలు. ఎక్కుడు మీద పరుగు తొడలకి, ఊపిరికి మంచి బలం ఇస్తుంది. దిగుడులో మాత్రం జాగ్రత్త, మోకాళ్ల మీద భారం పడేది అక్కడే. చిన్న చిన్న అడుగులు వేయండి.

ఇప్పుడు చెప్పబోయేది ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే ముఖ్యం. దయచేసి స్కిప్ చేయకండి. మన ఏజెన్సీలో సికిల్ సెల్ అనే రక్త సమస్య ఉంది. ఇది తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, ఒక్కసారిగా విపరీతంగా శ్రమపడినప్పుడు ఇది ప్రమాదం అవుతుంది. జబ్బు లేకుండా కేవలం లక్షణం మోసేవాళ్లు మామూలుగానే ఉంటారు, వాళ్లూ పరిగెత్తొచ్చు. కానీ మెల్లగా పెంచుకుంటూ, నీళ్లు తాగుతూ, మధ్యలో ఆగుతూ చేయాలి. జబ్బే ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు వాళ్లకి పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మీ ఊరి ఆశా కార్యకర్తని గానీ, పీహెచ్‌సీలో గానీ అడగండి. అమ్మాయిలు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. మెట్లు ఎక్కితేనే ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే అది బద్ధకం కాదు, రక్తహీనత అయ్యుండొచ్చు. ముందు అది సరిచేసుకుని తర్వాత పరుగు.

మరి ఎలా మొదలుపెట్టాలి? వారానికి మూడు రోజులు చాలు. మొదటి వారం ఒక నిమిషం మెల్లటి పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఇరవై నిమిషాలు. స్పీడు సరైందో కాదో ఎలా తెలుస్తుంది? పక్కన ఉన్న ఫ్రెండ్‌తో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే స్పీడు ఎక్కువైనట్టే. రెండో వారం పరుగు నిమిషం పెంచండి, నడక తగ్గించండి. రెండు నెలల్లో ఆగకుండా ఇరవై నిమిషాలు వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. మీకు మూడు నెలలు పట్టిందా? ఏం పర్లేదు.

ఖరీదైన షూ అక్కర్లేదు, కాలికి సరిపడి, మడమ దగ్గర గట్టిగా ఉంటే చాలు. ఘాట్ రోడ్డు మీద మంచులో పరిగెత్తొద్దు, లారీ డ్రైవర్‌కి మీరు కనిపించరు. స్కూల్ గ్రౌండో, ఊరి మట్టి బాటో చూసుకోండి. తప్పక రోడ్డు మీదే వెళ్లాల్సి వస్తే, లేత రంగు బట్టలు వేసుకుని, ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడిపక్కన వెళ్లండి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ తీసేయండి. అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఇంట్లోవాళ్లకీ ధైర్యం. సిగ్నల్ లేదని బాధపడకండి, ఫోన్‌లో జీపీఎస్‌కి నెట్ అవసరం లేదు. యాప్‌లో రికార్డ్ చేసుకుని, సిగ్నల్ వచ్చాక అప్‌లోడ్ చేసుకోవచ్చు. పరుగు అయ్యాక ప్రొటీన్ పౌడర్ల కోసం వెతక్కండి, ఇంట్లో ఉన్న చోడి అంబలి తాగండి, పప్పు, గుడ్డు తినండి.

మన కొండ కింద వైజాగ్‌లోనే పుట్టింది జ్యోతి యర్రాజి. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్లలో పనిచేసి పెంచింది. 2023లో బ్యాంకాక్‌లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీలో దిగిన మొదటి భారతీయురాలు. అందరం జ్యోతి కాలేం, కానక్కర్లేదు కూడా. మురకామి కూడా మారథాన్లు గెలవలేదు. ఆ 100 కిలోమీటర్ల రేసు తర్వాత ఆయనకి కొన్నాళ్లు పరుగు మీద ఆసక్తే పోయింది. ఆ సంగతీ దాచకుండా రాశాడు. ఆసక్తి పోయినా పూర్తిగా వదల్లేదు, మళ్లీ దారిలో పడ్డాడు. నాకైతే ఆయన పుస్తకంలో అసలు ధైర్యం అక్కడే కనిపించింది.

కాబట్టి ఫ్రెండ్స్, ఈ వారం రెండే పనులు. పీహెచ్‌సీకి వెళ్లి పరీక్ష, ఆ తర్వాత గ్రౌండ్‌లో ఇరవై నిమిషాలు. మీ మొదటి రోజు ఎలా జరిగిందో కామెంట్‌లో రాయండి, ఎన్ని నిమిషాలు నడిచారో కూడా సిగ్గుపడకుండా రాయండి. పరుగు మొదలుపెట్టాలనుకుంటున్న మీ ఫ్రెండ్‌కి ఇది పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి!