ఒగ్గు కథ వెంట ఒక శ్రోత



ఒకే కథను ఒక మనిషి ఎన్నిసార్లు వినగలడు? సినిమా అయితే రెండుసార్లు చూస్తాం, మరీ నచ్చితే పదిసార్లు చూస్తాం. ఆ పదిసార్లూ తెర మీద బొమ్మ మారదు. కాని ఎల్లమ్మ కథను నేను ఒకే ఒగ్గు బృందం నోట ఇరవై రాత్రులకు పైగా విన్నాను. అందులో ఏ రెండు రాత్రులూ ఒక్క తీరుగా లేవు. ఆ బృందం ఎక్కడ కథ పెడితే అక్కడికి, వీలు చిక్కినప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. "తెలిసిన కథకు అంత దూరం పోవుడెందుకు?" అని అడిగినవాళ్ళకు అప్పట్లో నవ్వే జవాబు. ఈ ప్రసంగంలో ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలని ఉంది. అందులో నా సరదా ఒక్కటే కాదు, ఒక కళ బతుకు కూడా ఉంది.

నేను మహారాష్ట్రలోని భివండిలో పనిచేసిన నేత కార్మికుణ్ణి. భివండి ఠాణె జిల్లాలో ఉంది. లక్షల మరమగ్గాలు నడిచిన పట్నం. చేతిమగ్గానికి గిరాకీ తగ్గిన కొద్దీ కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ జిల్లాల నుంచి పద్మశాలీ కుటుంబాలు ఎన్నో అక్కడికి వలస వెళ్ళాయి. పద్మనగర్, కామత్‌ఘర్ వైపు వెళితే గల్లీ గల్లీకీ తెలుగు వినిపిస్తుంది. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. పన్నెండు గంటల పాళీ, మీటరు లెక్కన కూలి. ఒక్కొక్కరు నాలుగు సాంచలు, ఆరు సాంచలు చూసుకోవాలి. సాంచలు నడుస్తున్న కార్ఖానాలో పక్కమనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. పొద్దున విన్న దెబ్బే సాయంత్రం కూడా. ఆ దెబ్బ మారిందంటే ఏదో చెడిపోయిందని అర్థం. వెంటనే జాబర్‌ను పిలవాలి.

అలాంటి చెవులతో నేను మొదట ఒగ్గు డోలు విన్నాను. డోలు దెబ్బ కూడా ఒక లెక్క ప్రకారమే నడుస్తుంది. కాని కథకుడు ఒక అడుగు వెనక్కి వేస్తే డోలు నెమ్మదిస్తుంది, అతను గిర్రున తిరిగితే డోలు ఉరుకుతుంది. సాంచ దగ్గర దెబ్బ మారితే నష్టం. ఇక్కడ దెబ్బ మారినప్పుడే ఆనందం. నా పిచ్చికి మొదటి కారణం ఇదే.

ఒగ్గు కథ తెలియని శ్రోతల కోసం నాలుగు మాటలు చెబుతాను. ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం లాంటి చిన్న వాద్యం. తెలంగాణలో కురుమ కులస్థులు ముఖ్యంగా ఈ కథలు చెబుతారు. ఒగ్గు పూజారులు మల్లన్నకు, బీరప్పకు పట్నాలు వేస్తారు. అంటే నేల మీద రంగుల పొడులతో ముగ్గులు తీర్చి పూజ జరిపిస్తారు. బీరప్ప కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ ప్రధానమైనవి. బృందంలో నలుగురైదుగురు ఉంటారు. ముందు నిలిచేవాడు కథకుడు. అతని మాటను అందుకుని ప్రశ్న వేసి, ఎగతాళి చేసి, ఊ కొట్టి కథను ముందుకు తోసేవాడు వంత. డోలు, తాళాలు, కంజీర, నపీర వాద్యాలు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే వేస్తారు. వేషమంటే పెద్ద సరంజామా ఏమీ ఉండదు. తువ్వాలను కొంగులా వేసుకుంటే ఎల్లమ్మ, అదే తువ్వాలను నడుముకు బిగిస్తే పరశురాముడు.

కథ చదివి చెప్పే పుస్తకం కాదు. కథకుడి దగ్గర ఉండేది ఒక దారి మాత్రమే. ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరుగెత్తాలి, ఎక్కడ పిట్టకథ వెయ్యాలి అన్నది ఎదురుగా కూర్చున్న జనాన్ని చూసి తేల్చుకుంటాడు. ఎల్లమ్మ కథనే తీసుకోండి. జమదగ్ని భార్య రేణుక ఇసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా పెట్టుకుని ఏటి నుంచి నీళ్ళు తెస్తుంది. ఒకనాడు మనసు చలిస్తుంది, కుండ నిలవదు. భర్త కోపిస్తాడు. తండ్రి మాట మీద కొడుకు పరశురాముడు తల్లి తల నరుకుతాడు. తర్వాత తండ్రి వరమిస్తే ఆ వరంతోనే తల్లిని బతికించుకుంటాడు. ఇంతే కథ. మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మా వాడలో చందాలు పోగుచేసి ఆ బృందాన్ని పిలిపించినప్పుడు జరిగినదాన్ని చూడండి. భివండిలో నీళ్ళ కష్టం ఎక్కువ. నల్లా ఎప్పుడు వస్తుందో తెలియక ఆడవాళ్ళు బిందెలు వరస పెట్టుకుని కూర్చునేవారు. కథకుడు ఆ సంగతి పగలే కనిపెట్టాడు. రాత్రి రేణుక ఏటికి బయలుదేరగానే ఆగి, ముందు కూర్చున్న ఆడవాళ్ళను అడిగాడు: "అక్కా, ఇయ్యాల మీ నల్లా ఎన్నింటికొచ్చింది?" ఒకామె, "రానే లేదు అన్నా" అంది. అందరూ నవ్వారు. వంత అందుకుని, రేణుకను కూడా నల్లా లైనులో నిలబెట్టాడు. ముందున్నామెతో తగువు, వెనకున్నామెతో తగువు. అరగంట సేపు పగలబడి నవ్వించారు. అప్పుడు ఉన్నట్టుండి డోలు ఆగింది. ఇసుక కుండ కూలింది. ఖాళీ చేతులతో ఇంటికి వెళ్ళడమంటే ఏమిటో తెలిసిన ఆడవాళ్ళు వాళ్ళు. ఒక్కరు మాట్లాడితే ఒట్టు.

తర్వాత అదే కథ సిరిసిల్ల దగ్గర ఒక పల్లెలో విన్నాను. నీళ్ళ ఘట్టం పది నిమిషాల్లో అయిపోయింది. ఆ కథ పెట్టించిన ఇంటివాళ్ళ అవ్వ ఆ ఏడాదే పోయింది. కథకుడు తల్లి తల నరికిన కొడుకు దగ్గరే నిలబడిపోయాడు. గొడ్డలి ఎత్తడానికి ముందు కొడుకు తల్లితో మాట్లాడిన మాటలు, తల్లి కొడుకును ఓదార్చిన మాటలు గంటకు పైగా నడిచాయి. అంతకు ముందు ఆ మాటలు నేను వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఆ ఇంటి కొడుకు కోసం ఆ రాత్రి పుట్టి, ఆ రాత్రే పోయిన మాటలు అవి. నేను వెళ్ళకపోయి ఉంటే నాకు దక్కేవి కావు. దూరం ఎందుకు వెళ్ళావంటే నా జవాబు ఇదే.

అలా వెళ్ళడం తేలిక కాదు. మీటరు లెక్కన కూలి తినేవాడు పనికి పోకపోతే పైసా రాదు. నా సాంచల మీద బదిలీ మనిషిని నిలబెట్టి, సేటుకు ఏదో పెళ్ళి పేరు చెప్పి, సాయంత్రం బస్సెక్కితే మరునాడు సిరిసిల్లలో దిగేవాణ్ణి. రైలైతే కల్యాణ్‌లో ఎక్కి, మన్మాడ్ మీదుగా నిజామాబాదు. సంక్రాంతికి వరంగల్ దగ్గర ఐనవోలు మల్లన్న జాతర. ఆ తర్వాత కొమురవెల్లి మల్లన్న జాతర మొదలై, ఆదివారం ఆదివారం ఉగాది దాకా సాగుతుంది. శివరాత్రి నాడు అక్కడ పెద్ద పట్నం వేస్తారు. ఒగ్గువాళ్ళకు అది పండుగ కాలం, నాకు ఖర్చుల కాలం. మా ఇంటావిడ లెక్క రాసి పెట్టేది. ఒకసారి ఆ కాగితం ముందు పెట్టి, "నీ ఎల్లమ్మ మనింటికి ఇన్ని వందలు బాకీ ఉన్నది" అంది. మరుసటి ఏడాది తనూ వచ్చింది. మూడు రాత్రులు విన్నాక లెక్క రాయడం మానేసింది. ఖర్చు తగ్గిందని కాదు, రెట్టింపయింది.

తిరగగా తిరగగా నాలాంటివాళ్ళు మరికొందరు కనబడ్డారు. పేర్లు తెలియకపోయినా ముఖాలు తెలుసు. ఒకరు సోలాపూర్ నుంచి వచ్చేవారు, ఒకరు సూరత్ నుంచి. మాలో మాకు కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. కథకుణ్ణి ఫలానా ఘట్టం చెప్పమని ముందుగా అడగకూడదు. నవ్వు రాకపోయినా నవ్వకూడదు. వంత అలసినట్టు కనిపిస్తే మనమే గట్టిగా ఊ కొట్టాలి. మధ్యలో కట్నాలు చదివించేటప్పుడు విసుక్కోకూడదు. ఫలానా వారు ఇన్ని రూపాయలు అని పేర్లు చదువుతుంటే కథ ఆగిపోతుంది, నిజమే. కాని ఆ రూపాయలతోనే రేపటి కథకు డోలు చర్మం వస్తుంది.

మా కార్ఖానాలో ఆజంగఢ్ నుంచి వచ్చిన ముస్లిం నేతగాడు ఒకాయన ఉండేవాడు. నా తిరుగుడు చూసి అందరూ నవ్వినా ఆయన నవ్వలేదు. ఆయనకు కవ్వాలీ పిచ్చి. మంచి కవ్వాలు ఒకే పాదాన్ని పట్టుకుని, వినేవాళ్ళ తల ఊపును చూస్తూ, దాన్ని ఎంతసేపైనా సాగదీస్తాడనీ, మధ్యలో వేరే పద్యాలు తెచ్చి ముడివేస్తాడనీ చెప్పాడు. భాష వేరు, దేవుడి పేరు వేరు. ఇద్దరం వెతికింది ఒక్కటే.

ఈ పిచ్చి మనకే పరిమితం కాదని తర్వాత తెలుసుకున్నాను. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అని ఒక సంగీత బృందం ఉండేది. 1965లో కాలిఫోర్నియాలో మొదలై, ముఖ్య గాయకుడు జెర్రీ గార్సియా 1995లో మరణించే దాకా ముప్ఫై ఏళ్ళలో సుమారు 2300 కచేరీలు చేసింది. ఏ పాట ఎంతసేపు సాగుతుందో వేదిక ఎక్కే దాకా వాళ్ళకే తెలియదు. అభిమానులు ఊరూరా ఆ బృందం వెంట తిరిగేవారు. వారికి డెడ్‌హెడ్స్ అని పేరే వచ్చింది. ఆ బృందం శ్రోతలను టేపు చేసుకోనిచ్చింది. 1984లో టేపు చేసేవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక చోటు కూడా కేటాయించింది. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన వాళ్ళ కచేరీని అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం భద్రపరచదగిన రికార్డుల జాబితాలోకి ఎక్కించింది. సంగతి గమనించండి. భద్రపరచింది ఒక పాటను కాదు, ఒక రాత్రిని.

మన ఒగ్గు రాత్రులను ఎవరు భద్రపరిచారు? జాతరల్లో క్యాసెట్లు అమ్మేవారు. నేనూ కొన్నాను. వాటికి దణ్ణం పెట్టాలి. కాని క్యాసెట్టు కోసం చెప్పిన కథ వేరు. ఎదురుగా జనం ఉండరు. ఎవరి నల్లా సంగతీ అడగడానికి వీలుండదు. ఒక పక్క ముప్ఫై నిమిషాలకు అయిపోతే, కథకుడు ఏడుస్తున్న తల్లిని అక్కడే వదిలి ఆగాలి.

పెద్దలు వెళ్ళిపోయారు. వేములవాడ దగ్గర హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు గారు ఎల్లమ్మ కథకు పెట్టింది పేరు. 1990లో మారిషస్ ప్రపంచ తెలుగు మహాసభల దాకా ఒగ్గును తీసుకువెళ్ళారు. 2010లో కన్నుమూశారు. మాణిక్యపురం చుక్క సత్తయ్య గారు సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2017లో ఆయనా పోయారు. ఇద్దరి పేర్లూ ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటున్నాం.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఒగ్గు డోలుకు గౌరవం పెరిగింది. సభలకు, ఊరేగింపులకు డోళ్ళ విన్యాసం పెడుతున్నారు. పిల్లలు నేర్చుకుంటున్నారు. చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. కాని వాళ్ళకిచ్చే సమయం ఎంత? పది నిమిషాలు, మహా అయితే అరగంట. అతిథి వేదిక ఎక్కగానే ఆపాలి. డోలు బతికింది, కథ చిక్కిపోతోంది. పది నిమిషాల్లో డోలు వాయించవచ్చు, రేణుకను నల్లా లైనులో నిలబెట్టడం కుదరదు. రాత్రంతా కథ చెప్పగలిగినవాడు, రాత్రంతా వినేవాళ్ళు ఉంటేనే తయారవుతాడు. కథకుణ్ణి తయారుచేసేది గురువు ఒక్కడే కాదు, ఊ కొట్టే జనం కూడా.

ఇవాళ సెల్‌ఫోనులో కథలు దొరుకుతున్నాయి. మంచిదే. ఊరికి దూరంగా ఉన్నవాడికి అదే దిక్కు. అయితే ఫోను మీ ముఖం చూడదు. మీకు ఏడుపు వచ్చిందని కథ కాస్త ఆగదు. ముందుకు తోసేసే వేలు మన చేతిలో ఉన్నప్పుడు, మనల్ని కదలకుండా కూర్చోబెట్టే పని ఏ కథకుడూ చెయ్యలేడు.

అందుకే నా మనవి. మీ ఊళ్ళో గాని, పక్క ఊళ్ళో గాని ఒగ్గు కథ పెట్టారని తెలిస్తే వెళ్ళండి. మధ్యలో లేవకండి. కథ పెట్టించే స్తోమత ఉన్నవాళ్ళు గంటకు కాదు, రాత్రికి మాట్లాడండి. ఒకసారి విన్న కథే కదా అని మానుకోకండి, రెండోసారి వెళ్ళినప్పుడే మొదటిసారి విన్నదేమిటో తెలుస్తుంది. పిల్లలను తీసుకువెళ్ళండి. వాళ్ళు మధ్యలో నిద్రపోతారు, పోనివ్వండి. డోలు మారినప్పుడు లేస్తారు.

కథ కంచికి, మనం ఇంటికి అంటారు. నేను విన్న కథలు కంచికి పోలేదు. మరుసటి రాత్రికి పక్క ఊరికి వెళ్ళేవి. వెంట నడిచేవాళ్ళు ఉన్నంత కాలం వెళుతూనే ఉంటాయి.